‘టు’ తరువాత ఏ రూపం? ఆంగ్ల ఇన్ఫినిటివ్, జెరండ్‌ల చరిత్రలో ఒక ఘట్టం – తెలుగు ‘-డానికి’తో పోలిక

ఉపోద్ఘాతం

ఆంగ్ల వ్యాకరణ ప్రశ్నపత్రాలలో తరచుగా ఎదురయ్యే ఒక ప్రశ్న ఉంది. ‘ఐ యామ్ అకస్టమ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అన్న తరహా వాక్యాన్ని ఇచ్చి దోషాన్ని సవరించమంటారు. ‘గెట్’ను ‘గెటింగ్’గా మార్చినవారికి మార్కు లభిస్తుంది. కారణం అడిగితే వచ్చే సమాధానం సాధారణంగా ఒకటే: ఇక్కడి ‘టు’ ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, ప్రిపోజిషన్, ప్రిపోజిషన్ తరువాత క్రియ వస్తే అది జెరండ్ రూపంలోనే ఉండాలి.

వర్తమాన ఆంగ్లానికి ఈ వివరణ సరిపోతుంది. అయితే ఇదే వాక్యాన్ని 19వ శతాబ్దపు తొలి దశకాలలో బాగా చదువుకున్న ఒక ఆంగ్లేయుడి ముందుంచితే అతడికి అందులో ఏ దోషమూ కనిపించేది కాదు. జేన్ ఆస్టెన్ (1775–1817) కాలపు గద్యంలో ‘అకస్టమ్డ్ టు’ తరువాత ఇన్ఫినిటివ్ రావడమే సాధారణం. అంటే నేటి విద్యార్థి చేసే ‘తప్పు’ రెండు వందల ఏళ్ల క్రితపు ఒప్పు. ఆ ఒప్పు ఎప్పుడు, ఎందువల్ల తప్పయింది? తెలుగు మాతృభాషగా గల విద్యార్థులు సరిగ్గా ఈ చోటనే పదే పదే పొరబడడానికి కారణమేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఆంగ్ల క్రియారూపాల చరిత్రలో ఉంది. ఆ చరిత్రకు తెలుగు క్రియలో ఒక సన్నిహితమైన పోలిక కూడా ఉంది.

లాటిన్ పేర్లు, ఆంగ్ల రూపాలు

‘ఇన్ఫినిటివ్’, ‘జెరండ్’ అనే రెండు పేర్లూ లాటిన్ వ్యాకరణం నుండి వచ్చినవే. పురుష, వచనాల పరిమితికి లోబడనిది కనుక మొదటిదానికి ఆ పేరు వచ్చింది. లాటిన్‌లో ఈ రెండు రూపాలకూ పోటీ లేదు. ప్రేమించుట అనే అర్థంలో ‘అమారె’ అనే ఇన్ఫినిటివ్ కర్తృస్థానంలో నిలిస్తే, ఆ క్రియాభావానికే ఇతర విభక్తులు అవసరమైనప్పుడు ‘అమాండీ’, ‘అమాండో’, ‘అమాండుమ్’ అనే జెరండ్ రూపాలు వస్తాయి. అంటే ఒకే నామానికి వేర్వేరు విభక్తులలా అవి పని పంచుకున్నాయి. ఆంగ్లంలో అలా కాదు. ‘ఐ లైక్ టు రీడ్’, ‘ఐ లైక్ రీడింగ్’ అన్నప్పుడు రెండు రూపాలూ ఒకే స్థానం కోసం పోటీపడతాయి. పేర్లు అరువు వచ్చాయి గాని, ఆ పేర్ల వెనుక ఉన్న పని విభజన రాలేదు.

విలియం బుల్లోకర్ 1586లో వెలువరించిన కరపత్రం ఆంగ్ల భాషకు ఆంగ్లంలో వచ్చిన తొలి ముద్రిత వ్యాకరణంగా ప్రసిద్ధం. అది లాటిన్ పాఠశాల వ్యాకరణపు చట్రాన్నే అనుసరించింది. 1653లో జాన్ వాలిస్ ఆంగ్లాన్ని లాటిన్ చట్రంలో ఇమడ్చరాదని వాదించాడు. విచిత్రమేమిటంటే ఆ వాదన చేసిన గ్రంథాన్ని ఆయన లాటిన్‌లోనే రాశాడు. 1762లో రాబర్ట్ లౌత్ ప్రిపోజిషన్ తరువాత వచ్చి తన కర్మను నిలుపుకొనే ‘-ఇంగ్’ రూపాన్ని ప్రస్తావిస్తూ, అది లాటిన్ జెరండ్‌కు సమానమైనదని చెప్పాడు. ఆయన దృష్టిలో అది ప్రాథమికంగా పార్టిసిపులే. జెరండ్ అన్నది ఒక పోలిక మాత్రమే. ఆ పోలిక కాలక్రమంలో పాఠ్యపుస్తకాలలో స్థిరమైన పేరుగా మారింది.

తెలుగు, సంస్కృత భాషల పరిశోధకులకు ఈ పేరు మరో చిక్కును తెచ్చిపెట్టింది. పాశ్చాత్యులు రాసిన సంస్కృత వ్యాకరణాలలో, ఉదాహరణకు 1879 నాటి విట్నీ గ్రంథంలో, ‘జెరండ్’ అంటే ‘కృత్వా’ వంటి క్త్వార్థక రూపం. 1856లో వెలువడిన కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలోనూ ఆ పేరు తెలుగులోని ‘చేసి’ వంటి అసమాపక క్రియలకే వర్తిస్తుంది. ఆంగ్ల పాఠ్యపుస్తకం జెరండ్ అనే రూపానికి తెలుగులో సమానమైనది ‘చేసి’ కాదు, ‘చేయుట’ లేదా ‘చేయడం’. ద్రావిడ భాషాశాస్త్ర గ్రంథాలనూ ఆంగ్ల వ్యాకరణాన్నీ పక్కపక్కన పెట్టుకొని చదివేవారు ఈ తేడాను గమనించకపోతే అనవసరమైన గందరగోళం తప్పదు. ఈ వ్యాసంలో జెరండ్ అన్న మాట ఆంగ్ల ‘-ఇంగ్’ నామరూపానికి మాత్రమే వాడబడింది.

ప్రాచీనాంగ్లంలో రెండు నామాలు

నేడు క్రియారూపాలుగా కనిపించే ఈ రెండూ మొదట నామాలే. ప్రాచీనాంగ్లంలో ఇన్ఫినిటివ్ ‘-అన్’ ప్రత్యయంతో ముగిసేది. రాయు అనే అర్థంలో ‘రీటన్’. ఇది పూర్వజర్మానిక్ దశలోని ఒక క్రియానామం నుండి ఏర్పడిన రూపం. తెలుగు తుమర్థక ప్రత్యయం కూడా ‘అన్’ కావడం (చేయన్, చూడన్) కేవలం యాదృచ్ఛికం. రెండు భాషా కుటుంబాల మధ్య ఈ విషయంలో ఏ సంబంధమూ లేదు.

ఈ ‘రీటన్’తో పాటు ప్రాచీనాంగ్లంలో మరో రూపం ఉండేది: ‘టో రీటన్నె’. ఇక్కడ ‘టో’ అనేది వైపు, కొరకు అనే అర్థాలు గల ప్రిపోజిషన్. దాని తరువాతి క్రియానామం సంప్రదాన విభక్తిలో ఉంది. పదానికి పదం చెబితే ‘రాయడానికి’. నేటి ‘టు రైట్’కు మూలం ఇదే. కనుక ‘టు’ ఒకచోట ఇన్ఫినిటివ్ గుర్తు, మరొకచోట ప్రిపోజిషన్ అని నేడు చెప్పుకొనే భేదం మొదట లేనే లేదు. ఉన్నది ఒకే ‘టు’. అది ప్రిపోజిషనే.

సుమారు 1100 తరువాత, మధ్యాంగ్ల దశలో, పదాంత విభక్తులు క్రమంగా అరిగిపోయాయి. ‘-అన్’, ‘-అన్నె’ రెండూ మొదట ‘-ఎన్’గా, తరువాత ‘-ఎ’గా, చివరికి శూన్యంగా మిగిలాయి. క్రియ ఇన్ఫినిటివ్‌లో ఉన్నదని చెప్పే గుర్తు దానిలో లేకుండా పోయినప్పుడు, ముందున్న ‘టు’ ఆ బాధ్యతను స్వీకరించింది. ఆ క్రమంలో దాని అసలు అర్థం పలచబడింది. ఎంతగా పలచబడిందంటే, ప్రయోజనాన్ని స్పష్టంగా చెప్పవలసి వచ్చినప్పుడు మధ్యాంగ్ల రచయితలు ‘ఫర్ టు’ అని మరొక ప్రిపోజిషన్‌ను ముందు చేర్చుకున్నారు. ఆ ‘ఫర్ టు’ ప్రామాణిక భాషలో నిలవలేదు గాని కొన్ని మాండలికాలలో మిగిలింది.

‘టు’ చేరని పాత ఇన్ఫినిటివ్ ఒకచోట మాత్రం చెక్కుచెదరలేదు. ‘కెన్’, ‘మే’, ‘షల్’, ‘విల్’, ‘మస్ట్’ వంటి సహాయక క్రియల తరువాత నేటికీ అది ఒంటరిగానే వస్తుంది. ‘మేక్’, ‘లెట్’ వంటి మరికొన్ని క్రియల తరువాత కూడా అంతే. ‘షి మేడ్ హిమ్ గో’ అనాలి గాని ‘టు గో’ అనరాదన్న నియమానికి ఇంతకు మించిన తర్కం లేదు. కర్మణి ప్రయోగంలో మళ్లీ ‘హి వాజ్ మేడ్ టు గో’ అని ‘టు’ ప్రత్యక్షమవుతుంది.

‘-ఇంగ్’ విస్తరణ

జెరండ్ మూలం వేరు. ప్రాచీనాంగ్లంలో ‘-ఉంగ్’, ‘-ఇంగ్’ ప్రత్యయాలతో భావార్థక నామాలు ఏర్పడేవి. నేటి ‘లెర్నింగ్’కు పూర్వరూపమైన ‘లెయోర్నుంగ్’ అటువంటిది. ఇది నూటికి నూరుపాళ్లు నామం. దానికి కర్మ ఉంటే అది షష్ఠీ విభక్తిలో ఉండవలసిందే. క్రియావిశేషణం దానిని విశేషించలేదు. వర్తమాన పార్టిసిపుల్ రూపం దానికి భిన్నంగా ‘-ఎండె’ ప్రత్యయంతో ఉండేది. మధ్యాంగ్లంలో దక్షిణ, మధ్య మండలాలలో ఈ ‘-ఎండె’ స్థానాన్ని ‘-ఇంగ్’ ఆక్రమించింది. ఉత్తరాదిలో ‘-అండ్’ మరికొంత కాలం నిలిచింది. ఫలితంగా నామానికీ పార్టిసిపుల్‌కూ ఒకే ముఖం వచ్చింది.

ముఖం ఒకటయ్యాక గుణాలు కూడా కలిశాయి. నామంగా ఉన్న ‘-ఇంగ్’ రూపం క్రియ లక్షణాలను ఒక్కొక్కటిగా సంతరించుకొంది: ‘ఆఫ్’ లేకుండా నేరుగా కర్మను గ్రహించడం, క్రియావిశేషణాన్ని చేర్చుకోవడం, ఆ తరువాత ‘బీయింగ్ సీన్’, ‘హ్యావింగ్ సీన్’ వంటి సంయుక్త రూపాలు. ఈ మార్పు ముందుగా బలంగా కనిపించేది ప్రిపోజిషన్ తరువాతి స్థానంలోనే. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ‘టు’ తప్ప మరే ప్రిపోజిషన్ తరువాతా ఆంగ్ల ఇన్ఫినిటివ్ స్థిరపడలేదు. ‘ఆఫ్’, ‘ఇన్’, ‘బై’, ‘వితౌట్’ల తరువాత క్రియాభావాన్ని చెప్పడానికి మిగిలిన సాధనం ‘-ఇంగ్’ ఒక్కటే.

అక్కడ స్థిరపడిన జెరండ్ తరువాతి శతాబ్దాలలో ఇన్ఫినిటివ్ ఆధీనంలో ఉన్న ప్రాంతంలోకి ప్రవేశించింది. క్రియల కర్మస్థానంలో జెరండ్ క్రమంగా వ్యాపించిన తీరును తెరెసా ఫనేగో, హెండ్రిక్ డె స్మెట్ వంటి పరిశోధకులు వివరంగా పరిశీలించారు. ఇన్ఫినిటివ్‌ను, ‘దట్’ ఉపవాక్యాన్ని వెనక్కి నెడుతూ జెరండ్ సాగించిన ఈ దీర్ఘ ప్రస్థానాన్ని జర్మన్ పండితుడు గుంటర్ రోడెన్‌బర్గ్ 2006లో ‘గ్రేట్ కాంప్లిమెంట్ షిఫ్ట్’ అని పేర్కొన్నాడు. నేడు జెరండ్ తప్ప మరొకటి అంగీకరించదని పుస్తకాలు చెప్పే ‘అవాయిడ్’ క్రియ కూడా ఒకప్పుడు ఇన్ఫినిటివ్‌ను గ్రహించినదే. అన్ని క్రియలూ ఈ ప్రవాహంలో కొట్టుకుపోలేదు. ‘డిక్లైన్’ వంటివి ఇన్ఫినిటివ్ పక్షానే నిలిచాయి.

దిద్దేవారి దృష్టి

ఇంత పెద్ద మార్పు జరుగుతున్న కాలంలోనే ఆంగ్లాన్ని దిద్దే వ్యాకర్తలు రంగప్రవేశం చేశారు. వారి దృష్టి వేరే చోట ఉంది. లౌత్ ముఖ్యంగా పట్టించుకున్న విషయం ‘ది’, ‘ఆఫ్’లది. ‘-ఇంగ్’ రూపానికి ముందు ‘ది’ ఉంటే తరువాత ‘ఆఫ్’ ఉండాలి. ఒకటి లేకపోతే రెండోదీ ఉండరాదు. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో ఈ సూత్రాన్నే స్వీకరించాడు. మరే పుస్తకం లెక్కకు మిక్కిలిగా పునర్ముద్రణలు పొందడంతో ఆ సూత్రం కూడా వ్యాపించింది. నామమైతే పూర్తిగా నామంగా, క్రియ అయితే పూర్తిగా క్రియగా ఉండాలన్నది దీని సారం. మధ్యస్థితిలో ఉన్న ఒక రూపాన్ని ఏదో ఒక ఒడ్డుకు చేర్చాలన్న తపన అది.

19వ శతాబ్దంలో చర్చ ‘టు’కూ క్రియకూ మధ్య క్రియావిశేషణం చొప్పించవచ్చునా అన్న వివాదం వైపు మళ్లింది. డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864 నాటి తన పుస్తకంలో దానిని వ్యతిరేకించాడు. ‘టు’ అసలు ఒక స్వతంత్ర ప్రిపోజిషనన్న చరిత్ర తెలిస్తే ఈ వివాదానికి దక్కిన ప్రాముఖ్యం కొంత హాస్యాస్పదంగానే తోస్తుంది.

20వ శతాబ్దపు వివాదం మరింత ఆసక్తికరమైనది. ‘ఐ ఆబ్జెక్ట్ టు హిమ్ గోయింగ్’ వంటి నిర్మాణాన్ని ఫౌలర్ సోదరులు 1906లో ‘ఫ్యూజ్డ్ పార్టిసిపుల్’ అని పేరుపెట్టి నిరసించారు. వారి దృష్టిలో ‘హిజ్ గోయింగ్’ మాత్రమే సాధువు. 1920లలో డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ చారిత్రక ఉదాహరణలతో దీనిని ఖండించాడు. ఆంగ్లేయులు శతాబ్దాలుగా వాడుతున్న నిర్మాణాన్ని లాటిన్ పద్ధతిలో విశ్లేషించలేకపోయినంత మాత్రాన అది దోషం కాజాలదన్నది ఆయన వాదనకు మూలం. హెచ్.డబ్ల్యు. ఫౌలర్ దానికి ప్రత్యుత్తరం ఇచ్చాడు. ఇద్దరి రచనలనూ సొసైటీ ఫర్ ప్యూర్ ఇంగ్లిష్ తన కరపత్రాల పరంపరలో ప్రచురించింది. ఇన్ని వివాదాల నడుమ, ‘టు’ తరువాత ఇన్ఫినిటివ్ నుండి జెరండ్‌కు జరుగుతున్న మార్పు అంతటి కలకలం రేపలేదు. ఈ మార్పు వ్యాకర్తల ఆజ్ఞ వల్ల కాక, మాట్లాడేవారి, రాసేవారి వాడుక వల్ల జరిగిందనడానికి ఇదొక సూచన.

‘అకస్టమ్డ్ టు’ దారి మళ్లిన తీరు

అమెరికన్ ఆంగ్లానికి 1810ల నుండి నాలుగు వందల మిలియన్ పదాలకు పైబడిన చారిత్రక పదసంచయం అందుబాటులోకి వచ్చాక ఇటువంటి మార్పులను దశాబ్దాలవారీగా చూడడం సాధ్యమైంది. ఫిన్లాండ్ పండితుడు యూహానీ రుడాంకో ‘అకస్టమ్డ్ టు’ను ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. 19వ శతాబ్దంలో ఇన్ఫినిటివ్‌దే ఆధిక్యం. ఆ శతాబ్దాంతం, 20వ శతాబ్దారంభాల సంధికాలంలో తులాభారం మారింది. తరువాత జెరండ్ పూర్తిగా నిలదొక్కుకుంది. సంధికాలంలో రెండు రూపాలూ యథేచ్ఛగా వాడబడలేదన్నది రుడాంకో పరిశీలనలోని విలువైన అంశం. కర్త తన ఇచ్ఛతో ఎంచుకొని చేసే పనులకు ఇన్ఫినిటివ్ ఎక్కువ కాలం అంటిపెట్టుకొంది; కర్తకు ఎంపిక లేని అనుభవాలకు, తనపై ఇతరులు చేసే పనులకు జెరండ్ ముందుగా వచ్చింది.

మార్పుకు ఒక కారణం పక్కనే ఉన్న నామప్రయోగం. ‘అకస్టమ్డ్ టు హార్డ్‌షిప్’ అన్నప్పుడు ‘టు’ తరువాత నామం ఉంది. జెరండ్ నామస్థానాలలోకి విస్తరిస్తున్న కాలంలో ఆ ఖాళీలోకి అది సులువుగా చేరింది. నామం రాగలిగిన చోట జెరండ్ వస్తుందని నేడు ఉపాధ్యాయులు చెప్పే చిట్కా ఈ పరిణామపు ఫలితమే. కాని ఆ చిట్కా 1820లో పనిచేసేది కాదు.

‘యూస్డ్ టు’ కథ ఇంకా స్పష్టమైనది. అలవాటుపడిన అనే అర్థంలో ‘బి యూస్డ్ టు’ తరువాత కూడా పూర్వం ఇన్ఫినిటివ్ వచ్చేది. నేడు అక్కడ ‘డూయింగ్’ తప్పనిసరి. అదే క్రియాధాతువు నుండి వచ్చిన ‘హి యూస్డ్ టు డు’ మాత్రం గతకాలపు అలవాటును తెలిపే సహాయక క్రియలా గడ్డకట్టి, పాత ఇన్ఫినిటివ్‌ను భద్రపరచుకుంది. ఒకే పదం, ఒకే ‘టు’, రెండు ఫలితాలు. విద్యార్థి వీటిని కలగలుపుతున్నాడని విసుగుపడే ముందు ఇవి ఒకప్పుడు కలిసే ఉన్నాయని గుర్తించడం న్యాయం. ‘ఆబ్జెక్ట్ టు’ తరువాత కూడా 19వ శతాబ్దపు రచనలలో రెండు రూపాలూ లభిస్తాయి.

తెలుగు ‘-డానికి’

ఇక తెలుగు వైపు చూస్తే, ప్రాచీనాంగ్లపు ‘టో రీటన్నె’కు సరిసమానమైన నిర్మాణం వాడుక భాషలో ప్రతిదినమూ వినిపిస్తుంది. ‘రాయడానికి’ అన్న రూపంలో ‘రాయడం’ భావార్థక నామం, దాని ఔపవిభక్తికం ‘రాయడాని’, దానిపై ‘కి’. సంప్రదాయ వ్యాకరణం ‘కిన్, కున్’లను షష్ఠిలో చేర్చినా ఆధునిక భాషాశాస్త్రం దీనిని సంప్రదాన విభక్తిగానే పరిగణిస్తుంది. ఆంగ్లంలో ముందు వచ్చే ‘టు’ తెలుగులో వెనుక వచ్చే ‘కి’ అయింది. మిగిలిన నిర్మాణం ఒకటే.

పోలిక ఇక్కడితో ఆగదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తుమర్థకంగా చెప్పిన అన్నంత రూపం కావ్యభాషలో స్వేచ్ఛగా సంచరించింది. ‘చూడ వచ్చెను’ అంటే చూచుటకు వచ్చెనని అర్థం. ఒక క్రియ మరొక క్రియకు ప్రయోజనమైనప్పుడు తుమున్ ప్రత్యయం వస్తుందని పాణిని 3.3.10 సూత్రంలో చెప్పిన అర్థమే ఇది. సంస్కృత ‘కర్తుమ్’ కూడా మూలంలో ఒక క్రియానామపు ద్వితీయా విభక్తి రూపం. వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలలో ప్రయోజనార్థక క్రియ నామం నుండి పుట్టడం ఆశ్చర్యకరమైన సామ్యం.

ఆధునిక తెలుగులో ఆ అన్నంతం స్వతంత్రంగా తిరగడం దాదాపు మానేసింది. అది మిగిలింది సహాయక క్రియల పొత్తులోనే: చేయవచ్చు, చేయాలి, చేయగలడు, చేయలేదు, చేయకూడదు, చేయబోతాడు. ‘చూడ వచ్చెను’లోని ‘వచ్చు’ ధాతువే ‘చూడవచ్చు’లో సంభావ్యతను తెలిపే అంశంగా గడ్డకట్టింది. ఆంగ్లంలో ‘టు’ లేని ఇన్ఫినిటివ్ ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ల తోడుగా మిగిలిన తీరుకూ దీనికీ తేడా అతి స్వల్పం. స్వేచ్ఛగా ఉన్న స్థానాలను మాత్రం తెలుగులో భావార్థక నామం ఆక్రమించింది. వచ్చింది ‘చూడడానికి’, పోయింది ‘చూడ’. రాయలసీమ, తెలంగాణ వాడుకలోని ‘చూడనీకి’, ‘పోనీకి’ వంటి రూపాలలో ‘కి’ నేరుగా అన్నంతానికే చేరినట్టు కనిపిస్తుంది. అలా చూస్తే ప్రాచీనాంగ్లపు ‘-అన్’ మీద విభక్తి చేరిన రూపానికి ‘-డానికి’ కన్నా ఇదే దగ్గరి బంధువు.

తెలుగు విద్యార్థి పొరపాటుకు మూలం ఇప్పుడు తేటపడుతుంది. ‘కలవడానికి వచ్చాడు’, ‘కలవడానికి ఎదురుచూస్తున్నాడు’, ‘కలవడానికి అలవాటుపడ్డాడు’, ‘కలవడానికి అభ్యంతరం చెప్పాడు’ అనే నాలుగు వాక్యాలలోనూ రూపం ఒకటే. ఆంగ్లంలో మొదటిదానికి ‘టు మీట్’, మిగిలిన మూడింటికీ ‘టు మీటింగ్’ కావాలి. తెలుగు ఒకే దారిలో నడిచే చోట నేటి ఆంగ్లం రెండు దారులుగా చీలింది. ఆ చీలిక ‘అకస్టమ్డ్’ విషయంలో పూర్తయి నూరేళ్లకు అటూఇటూగా మాత్రమే అయింది. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాసే తెలుగువారు తమ మాతృభాష తర్కాన్ని పాటిస్తున్నారు. ఆ తర్కం ఒకప్పటి ఆంగ్లానికి కూడా పరాయిది కాదు.

అయితే మాతృభాష ప్రతిచోటా ప్రతిబంధకమే అనుకోరాదు. ఆంగ్ల బోధకులు కష్టమైనవిగా ఎంచే కొన్ని జంటలను తెలుగు చాలా తేటగా విడదీస్తుంది. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే పొగ తాగడం మానాడు; ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే పొగ తాగడానికి ఆగాడు. ‘ట్రైడ్ టు ఓపెన్’ అంటే తెరవడానికి ప్రయత్నించాడు. ‘ట్రైడ్ ఓపెనింగ్’ అంటే తెరిచి చూశాడు. ప్రయత్నం ఫలించిందో లేదో తెలియని మొదటి స్థితికీ, పని జరిగి దాని ఫలితం పరిశీలించిన రెండో స్థితికీ మధ్య భేదాన్ని తెలుగు ‘చూచు’ అనే సహాయక క్రియతో పలికిస్తుంది. ‘తాళం వేయడం గుర్తుంది’, ‘గుర్తుపెట్టుకొని తాళం వేశాడు’ అన్న భేదం కూడా అటువంటిదే. ఈ జంటలు ‘టు’ తరువాతి చీలిక కన్నా వివరించడానికి సులువు. అయినా బోధనలో ఎక్కువ సమయం వీటికే పోవడం గమనార్హం.

జాబితాలు, అర్థం

ఏ క్రియ తరువాత ఏ రూపం వస్తుందో వరుసగా రాసి పెట్టే పద్ధతికి బలమైన పునాది జపాన్‌లో పడింది. హెరాల్డ్ పామర్ అక్కడ ప్రారంభించిన కృషిని కొనసాగించిన ఎ.ఎస్. హార్న్‌బీ, ఇద్దరు సహచరులతో కలిసి 1942లో టోక్యోలో ఒక నిఘంటువును వెలువరించాడు. ఆంగ్ల క్రియలను 25 క్రియావిన్యాసాలుగా అది వర్గీకరించింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం దానిని పునర్ముద్రించింది. భారతీయ కళాశాలల్లో నేటికీ నిత్యం వాడబడే ఆక్స్‌ఫర్డ్ అభ్యాసకుల నిఘంటువు వంశం అక్కడ మొదలైంది. పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌ల వ్యాకరణం నియమాలను, అభ్యాసాలను అందించింది. హార్న్‌బీ సంప్రదాయం ప్రతి క్రియకూ ఒక విన్యాస సూచికను ఇచ్చింది. రెండూ ఉపయోగకరమైనవే. కాని ఈ రెండింటిలోనూ కాలం అనే కొలత లేదు. ఒక క్రియ ఎందుకు ఆ వర్గంలో ఉందో, ఎంతకాలంగా ఉందో విద్యార్థికి తెలిసే అవకాశం లేదు.

‘ఎందుకు’ అన్న ప్రశ్నకు అర్థం వైపు నుండి సమాధానం వెదికినవారు తరువాత వచ్చారు. 1968లో డ్వైట్ బోలింజర్, 1970లో పాల్, కరోల్ కిపార్‌స్కీలు ఈ రెండు రూపాల మధ్య అర్థభేదాన్ని సూక్ష్మంగా చర్చించారు. 1985 నాటి క్వర్క్ బృందపు బృహద్వ్యాకరణం స్థూలంగా ఇన్ఫినిటివ్ సంభావ్యతను, ‘-ఇంగ్’ రూపం జరిగిన లేదా జరుగుతున్న పనిని సూచిస్తుందని చెప్పింది. వైపు అనే అర్థంలో పుట్టిన ‘టు’ ఇంకా జరగని పనివైపు చూపడం సహజమే. ఈ గ్రంథం జెరండ్ అన్న పేరును వదిలి, శుద్ధ నామం నుండి శుద్ధ క్రియ దాకా ‘-ఇంగ్’ రూపాలను ఒక మెట్ల వరుసగా చూపింది. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌లు జెరండ్, పార్టిసిపుల్ భేదాన్నే తొలగించి రెండింటికీ ఉమ్మడి పేరు పెట్టారు. మధ్యాంగ్లంలో కలిసిపోయిన రెండు రూపాలను లౌత్ తరువాతి కాలం విడదీయాలని చూసింది. ఆధునిక వ్యాకరణం మళ్లీ కలిపింది.

అర్థసూత్రం చాలా దూరం తీసుకెళ్తుంది గాని చివరిదాకా కాదు. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తరువాతి పని ఇంకా జరగనిది. అర్థం ప్రకారం అక్కడ ఇన్ఫినిటివ్ రావాలి. వచ్చేది జెరండ్. అక్కడ అర్థం కాక చరిత్ర నిర్ణయించింది. అర్థంతో వివరించదగిన క్రియలను అర్థంతోను, చరిత్ర మాత్రమే వివరించగల ‘టు’ సమూహాన్ని ‘-డానికి’తో పోల్చి చరిత్రతోను బోధించడం జాబితా కంఠస్థం కన్నా మేలైన మార్గం. జవాబు మారదు, పరీక్షలో ‘గెటింగ్’ అనే రాయాలి. మారేది వివరణ. తర్కం తెలియక తప్పు చేశావని విద్యార్థికి చెప్పడం వేరు, ఆ వాడుక కాలం చెల్లిందని చెప్పడం వేరు.

సరిహద్దు ఇప్పటికీ కదులుతూనే ఉంది. 1961, 1991ల నాటి సమాంతర పదసంచయాలను పోల్చిన క్రిస్టియన్ మయర్ ‘హెల్ప్’ తరువాత ‘టు’ లేని ఇన్ఫినిటివ్ పెరుగుతున్నదని చూపాడు. ‘కమిట్’ క్రియ విషయంలో మరో చిత్రం ఉంది. ‘కమిటెడ్ టు ఇంప్రూవింగ్’ అన్నది వ్యాకరణ పుస్తకాల ఒప్పు. ‘కమిటెడ్ టు ఇంప్రూవ్’ అన్నది కూడా ఆంగ్లం మాతృభాషగా గల దేశాల పత్రికలలో, ప్రభుత్వ ప్రకటనలలో కనిపిస్తున్నది. హార్న్‌బీ వంశానికి చెందిన నిఘంటువు ‘కమిట్’ పదం కింద నేడు రెండు విన్యాసాలనూ పక్కపక్కనే ముద్రిస్తున్నది.